రెండు కలకత్తా వైర్లు, మూడు రైల్వే వైర్లు

బోనెట్ ఎత్తగానే ముందు వాసన కొట్టింది. ఎలుక మూత్రం, పులిసిన పిండి, కాలిన రబ్బరు కలిసిన వాసన. బ్యాటరీ పక్క మూలలో పందికొక్కు గూడు పెట్టింది. గోనె పీచు, అరిటాకు ముక్కలు, మినప్పొట్టు, మా బావ తల తుడుచుకునే తువ్వాలులో సగం. వాటి మధ్య నాలుగు పిల్లలు, ఒంటి మీద వెంట్రుక లేకుండా, ఎర్రగా, కళ్లు తెరవకుండా మెదులుతున్నాయి. తల్లి కనబడలేదు. పోయే ముందు అది ఇంజనులో నిప్పు పుట్టించే ప్లగ్గులకు కరెంటు తీసుకెళ్లే నాలుగు వైర్లలో రెండింటిని రాగి తేలేదాకా కొరికి పెట్టింది.

“ఏటున్నాదిరా?” అన్నాడు బావ, స్టీరింగ్ ముందు కూర్చునే.

“నీ తువ్వాల దొరికింది బావా,” అన్నాను.

అరవయ్యో దశకం చివరి సంవత్సరాల మాట ఇది. ఖరగ్‌పూర్ న్యూ సెటిల్‌మెంట్‌లో రైల్వే క్వార్టర్ల మధ్య మా అక్క ఇంట్లో ఉంటూ, కలకత్తాలో అచ్చయ్యే ఒక దినపత్రికకు ఊరి వార్తలు పంపేవాణ్ణి. బావది గోల్ బజార్‌లో చిన్న టిఫిన్ దుకాణం. దాని మీద ఇల్లు గడవదు. గడిపేది ప్రేమ్ బజార్‌లో, ఇంజనీరింగ్ కాలేజీ గేటుకు ఎదురుగా ఉన్న మెస్. అక్కడ తినే మన వైపు విద్యార్థులకు రోజూ పొద్దున్నే ఇడ్లీ, సాంబారు మా అక్క వంటింటి నుంచే వెళ్లేవి. తీసుకువెళ్లేది మిలిటరీ వాళ్లు వదిలించుకున్న పాత పికప్ బండి. పెట్రోలు ఇంజను, వెనక టార్పాలిన్ కప్పు. దాన్ని రుబ్బురోలు పక్కనున్న రేకుల కింద పెట్టేవాళ్లం. పిండి చేతులతోనే బావ బోనెట్ ఎత్తేవాడు, వైర్లు ముట్టుకునేవాడు. పందికొక్కును తప్పు పట్టడానికి లేదు. మేమే దానికి వడ్డించాం.

ఆ రోజు టిఫిన్ రిక్షాల మీద గంటన్నర ఆలస్యంగా వెళ్లింది. మెస్ మేనేజర్ బెంగాలీ ఆయన, గొంతు పెంచే మనిషి కాదు. “దాదా, పిల్లలు ఆకలితో క్లాసుకి పోయారు. ఇంకోసారి చూస్తాను. మూడోసారి చూడను,” అన్నాడు. మెస్ పోతే బావకు మిగిలేది గోల్ బజార్‌లో నాలుగు బల్లలు.

వైర్లు మార్చాలి. అంతే కదా అనుకున్నాను.

మధ్యాహ్నం ఇద్దరం గోల్ బజార్‌లో మోటారు సామాన్ల దుకాణానికి వెళ్లాం. దుకాణందారు కోస్తా జిల్లాల నుంచి వచ్చినవాడు, మర్యాదస్తుడు. కుర్చీ వేయించాడు, టీ తెప్పించాడు, నల్లగా నిగనిగలాడే అయిదు వైర్లు బల్ల మీద పరిచాడు. నాలుగు ప్లగ్గులకు, ఒకటి కాయిల్ నుంచి వచ్చేది.

“ఒరిజినల్ సరుకండి. కళ్లకద్దుకుని పట్టుకెళ్లండి,” అన్నాడు.

నేనొక వైరు తీసి వేలికి చుట్టాను. వేలు నల్లబడింది. ముక్కు దగ్గర పెట్టుకుంటే బూట్ పాలిష్ వాసన. తుడిచి చూస్తే రబ్బరు నిండా సన్నటి పగుళ్లు. ఏ పాత బండి నుంచో ఊడదీసి, చెప్పులకు మెరుగు పెట్టినట్టు పెట్టి, తోటి తెలుగువాడికి టీ పోసి మరీ అమ్ముతున్నాడు. నా వేలు ఆయన ముందు పెట్టాను. చూసి, “కొత్త సరుకు రంగు దిగుద్దండి, పట్టుచీర దిగదూ?” అన్నాడు, ఏమాత్రం తొణక్కుండా. నేను టీ సగంలోనే వదిలేశాను. బావ మాత్రం పూర్తిగా తాగి, గ్లాసు కింద పెట్టి, “మళ్లీ వస్తామండి,” అని లేచాడు.

ఇంటికి వచ్చేసరికి సంగతి చార్జిమన్‌గారికి తెలిసిపోయింది.

ఆయన గురించి చెప్పాలి. రైల్వే వర్క్‌షాపులో, రైలు పెట్టెల్లో దీపాలు, ఫ్యాన్లు చూసే సెక్షన్‌లో చార్జిమన్, అక్కడి పనివాళ్ల మీద పెద్ద. మేముంటున్న క్వార్టరు ఆయన పేర ఇచ్చిందే. వెనక రెండు గదులు, వంటసాల మాకు వదిలాడు. కాగితం లేదు, పత్రం లేదు, ఆయన మాటే పత్రం. ‘కాళీ సెయ్యండి’ అంటే సాయంత్రానికి రుబ్బురోలుతో సహా రోడ్డు మీద ఉంటాం. ఆ మాట ఆయన ఎన్నడూ అనలేదు. బావను అల్లుడూ అని పిలిచేవాడు. మేం మావయ్యగారూ అనేవాళ్లం.

సెటిల్‌మెంట్‌లో ఒక కట్టుబాటు ఉండేది. గడియారం ఆగినా, కుట్టుమిషన్ మొరాయించినా, పక్కింట్లో వర్క్‌షాపు మనిషి ఉండగా బజారు మెకానిక్ దగ్గరికి వెళ్లకూడదు. వెళితే ఆ మనిషి చేతికి పని రాదని నలుగురిలో అన్నట్టే. నెలల తరబడి మాట్లాడుకోని ఇళ్లు ఉండేవి. మేం అప్పటికే గోల్ బజార్ దాకా వెళ్లివచ్చాం.

ఆయన మా గుమ్మంలో నిలబడ్డాడు, లుంగీ మీద, భుజాన వైరు చుట్టతో.

“ఏటల్లుడూ, నాను సచ్చిపోనాననుకున్నావేటి? బజారుకెల్లినావంట.”

“అబ్బే, రేటు కనుక్కుందారని ఎల్లినాం మావయ్యా,” అన్నాడు బావ.

“రేటేటి. ఇది సూడు.” చుట్ట దింపాడు. “రాగి సూడు, ఎంత లావున్నాదో. బజార్లో అమ్మీది ఎంటికలు, ఇది మొలతాడు. పాతికేళ్లు మెయిల్ బండికి దీపాలెలిగించినాది. మీ డొక్కు బండికి నాలుగు ప్లగ్గులెలిగించలేదా?”

పాత పెట్టెలు విరగ్గొట్టినప్పుడు తుక్కు వేలంలో కొన్న వైరు అది. మంచం కింద నగల పెట్టెలా దాచుకున్నాడు. పైన నూలు అల్లిక, పాతికేళ్ల మసి, జిడ్డు, ముక్కు దగ్గరికి తెస్తే మూడో తరగతి పెట్టె పైకప్పు వాసన. రైల్వేలో దీపాలకు వాడేది కాబట్టి దాని లోపల రబ్బరు సన్నం. ఆ సంగతి నాకు అప్పుడు తెలియదు. ఆయన ముప్ఫయ్యేళ్లుగా ఆ వైరుతోనే పని చేసినవాడు, ఆయనకూ తోచలేదు. రైల్వే సరుకు మీద ఆ ఊళ్లో ఉన్న నమ్మకం అలాంటిది. రైల్వే వాళ్ల ఇనుప మంచం, రైల్వే వాళ్ల ఎర్ర దుప్పటి, రైల్వే వాళ్ల తాళం, ఏదైనా బజారు సరుకు కంటే నయమే. బావ కూడా నమ్మాడు. నేనూ నమ్మాననే చెప్పాలి. బూట్ పాలిష్ చూసి వచ్చాను కదా.

అయిదు ముక్కలు కోసి, కొసలు చుట్టి, తన చేతులతోనే బిగించాడు. బండి ఒక్క తిప్పుకే లేచింది. ఇంజను చప్పుడు సమానంగా ఉంది. చుట్టుపక్కల వాళ్లు వచ్చి చూశారు. అక్క ఆయనకు కాఫీ ఇచ్చింది. “మెయిల్ బండిలాగెల్తాది,” అన్నాడు.

ఎనిమిది రోజులు అలాగే వెళ్లింది. తొమ్మిదో రోజు తెల్లవారుజామున వాన పడింది. ప్రేమ్ బజార్ ఇంకా మైలు ఉందనగా ఇంజను దగ్గడం మొదలుపెట్టి, తుమ్మి, చచ్చిపోయింది. రిక్షాలు దొరికి టిఫిన్ చేరేసరికి విద్యార్థులు అరటిపళ్లు, మరమరాలు తిని వెళ్లిపోయారు. మేనేజర్ రెండు వేళ్లు ఎత్తి చూపించాడు.

ఆ సాయంత్రం రేకుల కింద బండి నిలబెట్టి, ఇంజను నడుస్తుండగా, ఎత్తిన బోనెట్ మీంచి మందపాటి బొంత కప్పాం. నేనూ చార్జిమన్‌గారూ ఆ బొంతలో తలలు దూర్చాం. లోపల చీకట్లో అయిదు వైర్ల మీదా నీలంగా, సన్నగా, జెర్రులు పాకుతున్నట్టు నిప్పు పాకుతోంది. వైరుకీ వైరుకీ మధ్య, వైరుకీ ఇనుముకీ మధ్య చిటపటలు. ప్లగ్గుకు చేరవలసింది దారిలోనే కారిపోతోంది. జిడ్డు కాలుతున్న వాసన, ఆయన నోట్లో చుట్ట వాసన, మూసిన బొంతలో.

“కారిపోతన్నాది మావయ్యగారూ,” అన్నాను.

“ఎక్కడ?” అని ఆయన వేలు పెట్టాడు. మరుక్షణం ఇద్దరం బొంతతో సహా వెనక్కి పడ్డాం. లేచి, చెయ్యి విదిలించుకుని, నా వైపు కాదు, బావ వైపు చూసి, “సూసినావా అల్లుడూ, కరెంటు ఎంత బలంగొస్తన్నాదో. వైరులో దోసం లేదు,” అన్నాడు.

మర్నాడు పత్రికాఫీసు పని పెట్టుకుని కలకత్తా వెళ్లాను. మోటారు సామాన్ల వీధిలో ఒక ముసలి దుకాణందారుకు చార్జిమన్‌గారి వైరు ముక్క చూపించాను. ఆయన దాన్ని చివర పట్టుకుని, చచ్చిన ఎలుకను పట్టుకున్నట్టు, దూరంగా పెట్టాడు. ఆయన బెంగాలీని తెలుగులో చెబితే ఇలా ఉంటుంది:

“రాగి చూసి మోసపోయావు బాబూ. చూడాల్సింది రబ్బరు. దీపానికి పోయే కరెంటు పిల్లి. ప్లగ్గుకి పోయేది పులి. పిల్లిని కట్టిన తాడుతో పులిని కట్టావు.”

వైరు ఎంచడం నేర్పించాడు. మడిచి చూడు, గీత పడకూడదు. కోసి చూడు, నడుమ రాగి పుల్లంత, చుట్టూ రబ్బరు వేలంత ఉండాలి. గోటితో నొక్కు, గుంట పడి మళ్లీ లేవాలి. కొసన ఉన్న టోపీ ప్లగ్గును గట్టిగా పట్టాలి, లేకపోతే నీళ్లు దిగుతాయి. ఇంత చిన్న సంగతి, ఇంత తేలిక. అరగంటలో అయిదు వైర్లు ఎంచుకున్నాను. రైల్లో వాటిని ఒళ్లో పెట్టుకుని వస్తుంటే ఒక మంచి పని చేసినవాడిలా అనిపించింది.

ఇంట్లో వాటిని చూసి బావ ముఖం మాడింది.

“అయిదూ మార్చీసినామంటే మావయ్యకి ఏటి సెప్తాం?”

“పని సెయ్యలేదని సెప్తాం,” అంది అక్క వంటసాలలోంచి.

“నువ్వెల్లి సెప్పు,” అన్నాడు బావ. అక్క పొయ్యి వైపు తిరిగింది.

అప్పుడు నేను నోరు తెరిచాను. పత్రికలో మాకు మొదట నేర్పిన పాఠం, తగాదా ఉంటే ఇద్దరి మాటా రాయాలి, సమానంగా రాయాలి అని. మూడేళ్లు ఆ పనే చేసి అదొక జ్ఞానమనుకునేవాణ్ణి. పందికొక్కు కొరికినవి రెండే కదా, ఆ రెండు చోట్ల కలకత్తావి వేద్దాం, మిగతా మూడూ మావయ్యగారివి ఉంచుదాం, ఆయన మాటా నిలబడుతుంది, బండీ నిలబడుతుంది అన్నాను. బావ ముఖం తేటపడింది. చార్జిమన్‌గారు వచ్చి చూసి, “ఠీక్ హై, రొండుకి ఒప్పుకుంటాను,” అని ఒప్పుకున్నాడు. మిగిలిన మూడు కొత్త వైర్లు సంచీలో చుట్టి సీటు కింద పెట్టాం.

వైర్లకు ఇద్దరి మాట అక్కర్లేదు. ఇది తెలియడానికి ఇంజనీరు కానక్కర్లేదు. అయినా ఆ సలహా ఇచ్చింది నేను. ఇన్నేళ్ల తరవాత కూడా నోట్లో చేదు ఊరుతుంది.

నాలుగు రోజులకు మళ్లీ వాన. ఈసారి బండి లెవెల్ క్రాసింగ్ దాటిన వెంటనే ఆగింది. మా వెనక లారీ, దాని వెనక వర్క్‌షాపుకు పోయే సైకిళ్లు, అందరూ గంటలు కొడుతున్నారు. పదిమంది తోసి పక్కన పెట్టారు. టార్పాలిన్ మడతలోంచి నీళ్లు సాంబారు డేక్సా మూత మీదికి కారుతున్నాయి. నేను సీటు కింద చెయ్యి పెట్టి సంచీ లాగాను. పది నిమిషాల పని.

“ఆగు,” అన్నాడు బావ. సైకిళ్ల మధ్యలోంచి ఒక నల్ల గొడుగు వస్తోంది.

చార్జిమన్‌గారు సైకిల్ దిగాడు. గొడుగు నా చేతికిచ్చి బోనెట్‌లోకి వంగాడు. “ప్లగ్గులు. ప్లగ్గులు తడిసినాయి. ఇప్పండి,” అన్నాడు. ఇప్పాం. ఒక్కొక్కటీ తన జేబురుమాలుతో తుడిచాడు, నోటితో ఊదాడు, మళ్లీ బిగించాడు. లేవలేదు. మళ్లీ ఇప్పించాడు. వర్క్‌షాపు హూటరు మోగింది. దారినపోయే వాళ్లలో ఒకడు, “సార్జిమన్‌గారూ, లేటయిపోతాది,” అన్నాడు.

“మా అల్లుడి బండి ఆగిపోతే వర్క్‌షాపేటి, ములిగిపోద్దా?” అన్నాడాయన. మనస్ఫూర్తిగానే అన్నాడు. ఉద్యోగంలో ఏనాడూ ఆలస్యంగా వెళ్లని మనిషి. మా కోసం ఆ రోజు మస్టరులో హాజరు వదులుకున్నాడు. వానలో ఆయన చొక్కా ఒంటికి అంటుకుపోయి, బనీను చిరుగులు కనబడుతున్నాయి. నేను గొడుగు ఆయన తల మీద పట్టుకుని నిలబడ్డాను. నా కాలి దగ్గర సంచీ. ఆయన్ని తిట్టుకోవడానికి కూడా వీల్లేకుండా చేస్తున్నాడని ఆయన మీద అసహ్యం వేసింది. సాంబారు చల్లారి పైన తెట్టు కట్టింది.

గంట దాటాక ఆయన నడుం పట్టుకుని లేచి, “ఉండండి, ఇంటికాడ నా దగ్గిర మంచి ప్లగ్గులున్నాయి, తెస్తాను,” అని సైకిలెక్కాడు. గొడుగు మలుపు తిరిగేదాకా చూశాం. అప్పుడు నేనూ బావా దొంగల్లా ఆ మూడు రైల్వే వైర్లూ ఊడబీకి, కలకత్తావి పెట్టాం. వాన పడుతూనే ఉంది. బండి మొదటి తిప్పుకే లేచింది. ఆ చప్పుడు విని నాకు సంతోషం కలగలేదు. ఒళ్లు మండింది.

మెస్ చేరేసరికి వంటసాల బయట మరో రిక్షా ఉంది, మరెవరివో పూరీల బుట్టలతో. మేనేజర్ మా డేక్సా మూత ఎత్తి, చూసి, మెల్లగా మూసేశాడు.

“రేపట్నుంచి వద్దు దాదా,” అన్నాడు. బావ బతిమాలలేదు. ఇడ్లీ బుట్టలు మళ్లీ బండిలో పెట్టుకున్నాం.

తిరిగి వస్తూ, సెటిల్‌మెంట్ ఇంకా కొంత దూరం ఉందనగా, బావ బండి పక్కకు తీసి ఆపాడు. వాన వెలిసి ఎండ కాస్తోంది.

“ఆ మూడూ తీసీయి. మావయ్యవి ఎట్టీయి,” అన్నాడు.

నేను కదల్లేదు.

“మెస్ పోయింది బావా. ఇంకా ఎవరికోసం?”

“మావయ్య బోనెట్ ఎత్తి సూస్తాడు,” అన్నాడు. “మెస్ పోయింది. అవునా? కొంప కూడా పోవాలేటి? రొండు గదులు మీ పేపరోలు ఇస్తారా మీ అక్కకి?”

దిగి, నేనే ఆ వైర్లు మళ్లీ పెట్టాను. జిడ్డు, మసి, తడిసిన నూలు. రోడ్డు పక్క గుంటలో చేతులు కడుక్కున్నాను. వాసన పోలేదు. ఎండకు వైర్లు ఆరాయి కాబట్టి బండి బుద్ధిగా ఇంటికి వచ్చింది.

ఆ మధ్యాహ్నం చార్జిమన్‌గారు మా వసారాలో పీట మీద కూర్చున్నాడు. అక్క ముందు మెస్ నుంచి తిరిగి వచ్చిన ఇడ్లీలు, మళ్లీ కాచిన సాంబారు. ఆయన అప్పటికే బోనెట్ ఎత్తి చూసి వచ్చాడు. నాలుగు ఇడ్లీలు తిన్నాక మాట్లాడాడు.

“నాను ప్లగ్గులు తుడిసినాను గాబట్టి బండి కదిలింది. నానొచ్చీసరికి ఎలిపోనారు, ఠీక్ హై, మీ తొందర మీది. కానల్లుడూ, అసలు ఆగింది ఎందుకో సెప్పనా? ఆ రొండు కలకత్తా వైర్లు. జాతి కలవదు. అయిదూ మనవే అయ్యుంటే బండి పూరీ దాకా ఎల్తాది, మెస్సూ ఉండీది.”

బావ పళ్లెంలోకి చూస్తున్నాడు. “అవును మావయ్యా,” అన్నాడు.

ఆయన నా వైపు తిరిగాడు. “ఏటి పేపరోడా, కాదంతావా?”

ఇడ్లీ ముక్కతో పళ్లెం అంచు చుట్టూ సాంబారు తుడుస్తూ అడిగాడు. మీసాలకు కొత్తిమీర ఆకు అంటుకుని ఉంది. నాకు చెప్పవలసిన మాటలన్నీ తెలుసు, పిల్లి, పులి, రబ్బరు, వరసగా. అక్క గరిటె పట్టుకుని నా వైపు చూస్తోంది.

“కాదన్ను మావయ్యగారూ,” అన్నాను.

ఆయన తృప్తిగా తల ఊపి, పళ్లెం ముందుకు జరిపాడు. అక్క ఇంకో రెండు ఇడ్లీలు వేసి, వాటి మీద సాంబారు పోసింది.